పదకొండు నుంచి రెండు దాకా

మా ఆబ్జర్వేటరీ క్యాంటీన్లో మైక్రోవేవ్ ఓవెన్‌ని ఇనప బీరువాలో పెట్టి ఉంచుతాం. బీరువా తలుపు గట్టిగా పడకపోతే, ఎవరో పాలు వేడి చేసుకుంటున్న సంగతి లోయలో ఉన్న తొమ్మిది యాంటెన్నాలకీ తెలిసిపోతుంది. కోట్ల ఏళ్ళ కిందట ఎక్కడో బయల్దేరిన సన్నటి రేడియో తరంగం కోసం అవి చెవులు రిక్కించుకుని కూర్చుంటే, వాటికి ముందు వినపడేది ఆ పాలగిన్నె. కంట్రోల్ రూమ్‌లో తెర మీద ఓ గీత నిటారుగా లేస్తుంది. దాంతోపాటు డైరెక్టర్ గారి గొంతు లేస్తుంది. నన్ను పిలుస్తారు.

నా ఉద్యోగం అదే. ఎక్కడి నుంచో వచ్చి పడే రొదని వెతికి పట్టుకోవడం. తెగిన కరెంటు తీగ కావచ్చు, పాడైన ట్యూబ్‌లైటు కావచ్చు, సందర్శకుడెవరో జేబులో మర్చిపోయిన సెల్‌ఫోన్ కావచ్చు. చేతిలో పట్టుకునే చిన్న యాంటెన్నా, మెడలో వేలాడే మీటరు, ఓ డీజిల్ వ్యాను నా సరంజామా. పెట్రోలు బండైతే దాని ఇంజనులో పుట్టే నిప్పురవ్వే పెద్ద రొద. అందుకని మా దగ్గరున్నవన్నీ డీజిల్ బళ్ళే. క్యాంటీన్లో వాళ్ళు నన్ను రొదల పోలీసు అంటారు. నేను వెళ్ళగానే ఎవరో ఒకరు చేతులు పైకెత్తి, "మా దగ్గరేం లేదండీ, కావాలంటే వెతుక్కోండి" అంటారు. నవ్వుతాను. పాత జోకే అయినా నవ్వడం అలవాటైపోయింది.

పోయిన నెల నాలుగో తారీఖున తెర మీద లేచిన గీత చూసి మాత్రం నాకు నవ్వు రాలేదు.

పగలు పదకొండు గంటలు. బయట మంచు ఇంకా విడలేదు. కిటికీలోంచి చూస్తే మొదటి రెండు యాంటెన్నాలే కనిపిస్తున్నాయి, మిగతా ఏడూ తెల్లటి మసకలో ఉన్నాయి. రేడియో దూరదర్శినికి పగలూ రాత్రీ ఒకటే. మేం చూడాల్సిన ఆకాశం మూల ఆ రోజుల్లో పదకొండింటికి నడినెత్తికి చేరువగా వచ్చి, రెండింటికి పడమటికి జారిపోతుంది. ఆ మూడు గంటలే మాకు పని. రెండేళ్ళ కిందట కూడా అదే మూలని, అదే వేళకి చూశాం. ఈసారి కొత్త రిసీవర్లు బిగించి మళ్ళీ మొదలుపెట్టాం.

పదకొండు కొట్టగానే గీత లేచింది. ఒకే ఎత్తులో నిలబడకుండా మధ్యలో కుంగుతోంది. వెంటవెంటనే రెండు చిన్న కుంగుళ్ళు. తర్వాత ఒక పెద్ద కుంగు. మళ్ళీ రెండు చిన్నవి. ఒక పెద్దది.

"ఏంటిది?" అన్నారు డైరెక్టర్ గారు నా వెనక నిలబడి.

"వెల్డింగ్ మెషీన్ అయ్యుండొచ్చు సార్."

"ఇన్ని కిలోమీటర్ల పరిధిలో ఎవడి దగ్గరుంది వెల్డింగ్ మెషీన్? తూర్పు వైపు నుంచి వస్తోంది. మీ వాళ్ళ ఇళ్ళున్న వైపు."

అక్కడ ఇప్పుడు మనుషులున్న ఇళ్ళు లేవు. ఉండేవి. నేను అబద్ధం చెప్పానని నాకు తెలుసు. ఆ గీతని నేను ముందే చూశాను. దానికి నివేదిక రాసి, కింద సంతకం పెట్టింది కూడా నేనే.

అది మా మామయ్య ఆక్సిజన్ మెషీన్.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న పోతే, ఏడాది తిరక్కుండా అమ్మా పోయింది. నన్ను పెంచింది మామయ్యా అత్తయ్యే. వాళ్ళకి పిల్లల్లేరు. మామయ్య ఈ లోయకి అవతలున్న రాళ్ళ క్వారీలో బండలు పగలగొట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రాతిపొడితో కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. "పిచ్చుకా, నీ మామకి అప్పుడే ముసలితనం వచ్చేసింది చూడు" అని నవ్వేవాడు. స్నానం చేసి వచ్చాక మళ్ళీ పడుచువాడయ్యేవాడు. ఆ పొడి అంతా ఒంటి మీదే ఉంటుందనుకున్నాం. లోపలికి కూడా పోతోందని ఎవరికీ తట్టలేదు.

ఆబ్జర్వేటరీ వచ్చినప్పుడు లోయలో ముప్పై ఒక్క ఇళ్ళు ఉండేవి. చుట్టూ కొండలు, బయటి రొద ఏదీ లోపలికి రాదు, అందుకే ఈ చోటు ఎంచుకున్నారు. ముప్పై కుటుంబాలు కొండ అవతల కట్టిచ్చిన కాలనీకి వెళ్ళాయి. మామయ్య వెళ్ళనన్నాడు. "ఆకాశం వినడానికి నేను ఊపిరి బిగబట్టి కూర్చోవాలా" అన్నాడు. నాకు అప్పటికే ఆబ్జర్వేటరీలో ఉద్యోగం వచ్చింది. కాలనీలో జనం నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళు. మామయ్య మాత్రం ఎవరేమన్నా, "మా పిల్ల చెయ్యకపోతే ఇంకెవరో చేస్తారు. మా పిల్లే చెయ్యనీ" అనేవాడు.

తర్వాత ఊపిరితిత్తులు చెడిపోయాయి. డాక్టరు ఆక్సిజన్ మెషీన్ రాశాడు. అది కరెంటుతో నడుస్తూ, మనిషి గాలి పీల్చినప్పుడల్లా కొంచెం ఆక్సిజన్ వదులుతుంది. వదిలినప్పుడల్లా మోటారు ఒక్క క్షణం కుంగుతుంది. మామయ్య ఊపిరి ఒక తీరుగా ఉండేది కాదు. రెండు పొట్టి ఊపిరులు, ఒక పొడుగు ఊపిరి. మా తెర మీద కూడా అదే పడేది. ఒకరకంగా చెప్పాలంటే, తొమ్మిది యాంటెన్నాలూ మా మామయ్య ఊపిరి వినేవి.

నివేదికలో రాశాను. ఇంటి నంబరు ముప్పై ఒకటి, ఆక్సిజన్ మెషీన్ మోటారు. పరిశీలన జరిగే రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా ఆ ఇంటికి కరెంటు ఆపేట్టు, ఆ మూడు గంటలకీ ఆబ్జర్వేటరీయే ఆక్సిజన్ సిలిండరు పంపేట్టు ఒప్పందం కుదిరింది. లైను కట్ చేసే స్విచ్చు నా గదిలో ఉండేది.

పదిహేను రోజులు సిలిండరు వేళకి వచ్చింది. పదహారో రోజు రాలేదు.

పదకొండుంబావుకి నా బల్ల మీద ఫోను మోగింది. మామయ్య. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "పిచ్చుకా... సిలిండరు బండి రాలేదమ్మా."

"దారిలో ఉంటుంది మామయ్యా. ఇంకొంచెం సేపు ఓర్చుకో."

పక్క గదిలో డైరెక్టర్ గారు, బయటి నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు, అందరూ తెర ముందు కూర్చుని ఉన్నారు. స్విచ్చు నా చేతికి అందేంత దూరంలో ఉంది. వేస్తే ఆ రోజు పని మొత్తం పోతుంది. అడుగుతారు. చెప్పాలి. బండి దారిలోనే ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. పన్నెండింటికి మళ్ళీ మోగింది. అదే మాట చెప్పాను. ఒంటిగంటన్నరకి మోగినప్పుడు అవతల మాట లేదు. రెండు పొట్టి, ఒక పొడుగు. "ఇంకొంచెం సేపు మామయ్యా" అన్నాను. ఫోను పెట్టలేదు. చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంట నలభైకి అవతల ఏ చప్పుడూ లేకుండా పోయింది.

నేను రెండింటికి స్విచ్చు వేశాను.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. సిలిండరు బండి దారిలో చెడిపోయిందని తేలింది, డ్రైవరుది తప్పన్నారు. ఇంటికి తాళం వేశారు. కరెంటు తీగలు, ఫోను తీగలు చుట్టి తీసుకుపోయారు. మెషీన్ ఆస్పత్రికి వెళ్ళిపోయింది. అత్తయ్య కాలనీకి వెళ్ళింది.

అందుకే, తెర మీద ఆ గీత చూసి వెల్డింగ్ మెషీన్ అన్నాను.

మూడు రోజులు వరసగా వచ్చింది. సరిగ్గా పదకొండుకి లేచేది, ఒంటిగంట నలభైకి పడిపోయేది. నాలుగో రోజు డైరెక్టర్ గారు నన్ను గదికి పిలిచి తలుపు వేశారు. "మీ వాళ్ళెవరో కావాలని చేస్తున్నారు. ఎవరో మీకు తెలుసు, చెప్పడం లేదు. రేపటికి ఇది ఆగకపోతే మీరు ఎల్లుండి రానక్కర్లేదు" అన్నారు. ఇలాంటివి ఆయన అరిచి అనరు. మామూలుగా అంటారు, అదే భయం.

ఇంటి తాళంచెవి అత్తయ్య దగ్గరుంది. మర్నాడు పొద్దున్నే నేనూ డ్రైవర్ బాబాయీ కాలనీకి వెళ్ళాం. బాబాయ్ మాకు చుట్టమేం కాదు. ఈ వ్యాను ఎంత పాతదో మా స్నేహం అంత పాతది, నోరారా బాబాయ్ అంటాను.

అత్తయ్య గడపలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"తాళంచెవి కావాలత్తయ్యా."

"ఎందుకు? ఇంకా ఏం మిగిలింది ఆపడానికి?"

ఆవిడ లోపలికి వెళ్ళి తెచ్చి, నా చేతిలో పెట్టకుండా గుమ్మం పక్క గట్టు మీద పెట్టింది. నేను తీసుకుంటుంటే అడిగింది. ఎప్పుడు కనిపించినా ఇదే అడుగుతుంది.

"నేను బండి కోసం రోడ్డు మీదకి పోయి తిరిగొచ్చేసరికి ఆయన చెవి దగ్గర ఫోను ఉంది. ఎవరికి చేసుంటాడే?"

"తెలీదత్తయ్యా."

"సరే" అంది. తలుపు వేసుకుంది.

మేం ఇంటికి చేరేసరికి సరిగ్గా పదకొండయింది. మంచు కొండ దిగి కంచె దాకా వచ్చింది. వ్యాను దిగగానే మెడలోని మీటరు ముల్లు కదలడం మొదలైంది. నేను చేతి యాంటెన్నాని నాలుగు వైపులా తిప్పాను. మూడు వైపుల ముల్లు పడిపోయింది. ఇంటి వైపు తిప్పితే చివరికంటా వెళ్ళి కొట్టుకుంది.

"తీగే లేదు కదమ్మా" అన్నాడు బాబాయ్, విరిగిన స్తంభం వైపు చూస్తూ.

"బ్యాటరీ ఏదన్నా పెట్టుంటారు. నువ్విక్కడే ఉండు."

కిటికీలకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే పట్టపగలే చీకటి. టార్చి వేశాను. తడిసిన సున్నం వాసన. దాని కింద ఇంకేదో. వేడెక్కిన రబ్బరు గొట్టం వాసన. నుదుటికి రాసుకునే మందు వాసన. రెండేళ్ళు మూసున్న ఇంట్లో ఉండకూడని వాసనలు.

ముందు గది దాటాను. మామయ్య మంచం ఉండే గది. మంచం లేదు. నేలంతా వేలెడు మందాన దుమ్ము. గోడ వార ఒక్కచోట మాత్రం దుమ్ము లేదు. నాలుగు పలకలుగా, మెషీన్ ఎంతుండేదో అంత మేర, తుడిచినట్టు నున్నగా ఉంది. కూర్చుని ఆ చోట అరచెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

చప్పుడు అప్పుడు వినపడింది. ముందు అరచేతికి తెలిసింది, తర్వాత చెవికి. సన్నగా, నేల లోపల మోటారు తిరుగుతున్నట్టు. మధ్యలో కుంగుతోంది. రెండు పొట్టి... ఒక పొడుగు... టార్చి వెలుగులో నా నోటి ముందు ఆవిరి కనిపించింది. చిన్న ఆవిరి. ఇంకో చిన్న ఆవిరి. తర్వాత పెద్దది.

దాని తాళానికే నేను ఊపిరి తీస్తున్నాను. ఎప్పటి నుంచో తెలీదు. మామూలుగా పీల్చాలని చూశాను. రొమ్ము మాట వినలేదు.

టార్చి ఆరిపోయింది.

గోడ మీద, ఫోను ఉండే చోట, ఏదో గీరుకుంది. తెగిపోయిన తీగ మొదలు గోడకి రాసుకుంటున్నట్టు... గాలి లేదు. కిటికీలు మూసి ఉన్నాయి. నేను వెనక్కి వెనక్కి పాకాను. గుమ్మం తగిలింది. లేచి బయటికి పరిగెత్తాను.

లోపల పది నిమిషాలున్నానేమో. బాబాయ్ వ్యానుకి చేరబడి నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరితో మాట్లాడావమ్మా ఇంతసేపు?"

"నేనేం మాట్లాడలేదు."

వాచీ చూపించాడు. రెండుకి పది నిమిషాలు తక్కువ. "రెండున్నర గంటల పైన అయ్యింది నువ్వు వెళ్ళి. నాలుగుసార్లు పిలిచాను. లోపలికి రాబోతే తలుపు రాలేదు. నువ్వు ఒకటే మాట అంటున్నావ్. ఇంకొంచెం సేపు మామయ్యా, ఇంకొంచెం సేపు ఓర్చుకో మామయ్యా... గంటల తరబడి అదే."

వ్యాను కదిలి చాలా దూరం వచ్చాక, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు. "మీ మామయ్య ఆ రోజు ఫోను చేసింది నీకేనా?"

నేను మీటరు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఇంట్లో ఏమీ దొరకలేదని రాసిచ్చాను. దానికీ ఆ రొదకీ ఏం సంబంధమో గాని, ఆ మర్నాటి నుంచి అది ఇంటి వైపు నుంచి రావడం మానేసింది. ఇంకా దగ్గరికి వచ్చింది. ఒక రోజు ఆరో యాంటెన్నా దగ్గర. ఒక రోజు కంచె లోపల, వర్క్‌షాపు వెనక. ఒక రోజు క్యాంటీన్ గోడ పక్క. నేను మీటరు పట్టుకుని దాని వెనకాల తిరిగాను. అది నా కంటే ముందు, నేను ఉండబోయే చోటికి చేరేది. రోజులు గడుస్తున్నా డైరెక్టర్ గారు నన్ను పంపించలేదు. నన్ను మించి ఈ రొద తెలిసినవాళ్ళు లేరు కాబట్టి ఉంచారు.

పద్నాలుగో తారీఖు ఉదయం ఆయన అన్నారు. "రిసీవర్ గదిలోనే ఏదో ఉంది. ఇప్పుడే వెళ్ళి చూడండి. పదకొండుకి ముందే బయటికి వచ్చెయ్యాలి."

రిసీవర్ గది గోడలు, కప్పు, నేల అన్నీ ఇనప రేకు. లోపలి కంప్యూటర్ల రొద బయటికి పోకూడదు, బయటి రొద లోపలికి రాకూడదు. తలుపు అడుగు మందం. దాని అంచుల చుట్టూ రాగి పళ్ళు, మూస్తే ఒక్క సందు ఉండదు. పరిశీలన మొదలవగానే తాళం దానంతటదే పడుతుంది, కంట్రోల్ రూమ్ నుంచి తప్ప తీయడం కుదరదు. లోపలికి గాలి తోలడానికి ఒక ఫ్యాను, మాట్లాడుకోవడానికి ఒక ఫోను.

పదింబావుకి వెళ్ళాను. ఒక్కొక్క పెట్టెనీ మీటరుతో తడుముకుంటూ వచ్చాను. ఎక్కడా ఏమీ లేదు. ముల్లు పడుకునే ఉంది. అయిదు నిమిషాల పనే ఇంకా మిగిలిందనుకున్నాను. వెనకాల తాళం పడ్డ చప్పుడు వినిపించింది.

గడియారం చూశాను. పదకొండు.

ముల్లు లేచింది.

ఫ్యాను ఆగిపోయింది. తర్వాత దీపాలు... ఒక్కటొక్కటే, తలుపు వైపు నుంచి నా వైపు. కంప్యూటర్ల మీద ఆకుపచ్చ చుక్కలు మాత్రం మిగిలాయి. అవి వెలుగుతూ ఆరుతున్నాయి. రెండుసార్లు పొట్టిగా. ఒకసారి పొడుగ్గా.

తడుముకుంటూ ఫోను అందుకున్నాను.

"సార్, లోపల ఉండిపోయాను. తాళం పడింది. ఫ్యాను తిరగడం లేదు."

"పదకొండుకి ముందు రమ్మన్నాను కదా."

"తలుపు తియ్యండి సార్."

అవతల ఎవరితోనో మాట్లాడటం వినిపించింది. మళ్ళీ ఆయన గొంతు. మామూలు గొంతు.

"ఇవాళే రొద లేకుండా వస్తోంది. పది రోజుల తర్వాత ఇవాళే శుభ్రంగా వస్తోంది. ఇప్పుడు తలుపు తీస్తే పాడైపోతుంది. గదిలో గాలి మూడు గంటలకి సరిపోతుందిలెండి. ఇంకొంచెం సేపు ఓర్చుకోండి."

పెట్టేశారు.

సరిపోతుంది. ఆ గది కొలతలు నాకు తెలుసు, ఒక మనిషికి పది గంటలకైనా సరిపోతుంది. కాని గాలి తగ్గిపోతోంది. నోరు తెరిచి పీలుస్తున్నా లోపలికి దిగడం లేదు. గొంతులో రాతిపొడి ఉన్నట్టు గరగర. నాలిక మీద ఆ రుచి. చిన్నప్పుడు మామయ్య నన్ను ఎత్తుకుంటే పెదాలకి అంటుకునే రుచి.

ఎవరో నా వెనక కూర్చున్నారు. చూడలేదు. వీపుకి తెలుస్తుంది కదా... దగ్గరగా, మోకాళ్ళు నా నడుముకి ఆనేంత దగ్గరగా. చల్లటి రబ్బరు గొట్టం ఒకటి నా మెడ చుట్టూ వచ్చి, ముక్కు కిందకి చేరింది. దాంట్లోంచి గాలి రావడం లేదు. నాలోని గాలే దాంట్లోకి పోతోంది.

"మామయ్యా" అన్నాను.

గొట్టం కదల్లేదు.

"భయమేసింది మామయ్యా. స్విచ్చు వేస్తే అడుగుతారని భయమేసింది. అంతే."

గొట్టం బిగిసింది. చెవి పక్కన పొడిబారిన పెదాలు విడిపడిన చప్పుడు.

"ఓర్చుకో."

ఆ గొంతులో కోపం లేదు. ప్రేమా లేదు. నన్ను పిచ్చుకా అని పిలవలేదు. నన్ను పెంచిన మనిషి ఆ గొంతులో ఎక్కడా లేడు.

ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా గుర్తు. నేల చల్లదనం. గోళ్ళతో రాగి పళ్ళని గీకడం. ఆకుపచ్చ చుక్కలు దూరంగా... ఇంకా దూరంగా...

తలుపు తెరుచుకుంది. వెలుతురు. బాబాయ్ నన్ను చంకల కింద చేతులు వేసి బయటికి లాగుతున్నాడు. కంట్రోల్ రూమ్ వాళ్ళు తియ్యకపోతే మెయిన్ స్విచ్చు లాగేసి, తాళం వదులు చేశాడట. బిల్డింగ్ మొత్తం కరెంటు పోయింది. మెట్ల పైన డైరెక్టర్ గారు, మూడు గంటల పని నాశనం చేశావని అతన్ని తిడుతున్నారు. బాబాయ్ ఆయన వైపు చూడనైనా లేదు.

నాకు ఊపిరి సర్దుకున్నాక అడిగాను. "నేను లోపలున్నానని నీకెలా తెలిసింది?"

"నా గదికి ఫోను వచ్చింది."

"నేను చెయ్యలేదు బాబాయ్."

"నువ్వు కాదు. మగ మనిషి." అతను గొంతు తగ్గించాడు. "అది లోపలుంది, రెండు దాటాక వెళ్ళి తలుపు తియ్యి, తొందరేం లేదు అన్నాడు. తీరుబడిగా అన్నాడమ్మా. ఆ తీరుబడి విన్నాకే పరిగెత్తుకొచ్చాను."

ఆ సాయంత్రమే కాలనీకి వెళ్ళాను. కాళ్ళు నిలవడం లేదు, అయినా వెళ్ళాను. అత్తయ్య గడపలో నిలబడింది. అడగకముందే చెప్పేశాను. మూడుసార్లు ఫోను చేశాడని, మూడుసార్లూ నేనేమన్నానో, స్విచ్చు ఎంత దూరంలో ఉందో, చివరిదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నానని. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, కుదరలేదు.

ఆవిడ అంతా విన్నది. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఆ రోజు చివరిసారి నీ నంబరు తిప్పింది నేనే" అంది. "ఆయన చేతులు వణుకుతుంటే నేనే తిప్పి, ఆయన చెవి దగ్గర పెట్టి, బండి కోసం రోడ్డు మీదకి పోయాను."

నేను తలెత్తి చూశాను.

"రెండేళ్ళుగా అడుగుతున్నాను. ఒక్కసారి నిజం చెప్తావేమోనని. నువ్వు తెలీదన్న ప్రతిసారీ ఇంట్లోకి పోయి ఆయన ఫొటో ముందు నిలబడి, ఇదిగో ఇలా అంది నీ పిల్ల అని చెప్పాను. మొదట్లో ఆయన నాకు కలలోకి వచ్చి, పోనీలే, చిన్నపిల్ల అనేవాడు. తర్వాత తర్వాత ఏమీ అనడం మానేశాడు." లోపలి గోడ మీది ఫొటో వైపు చూసింది. "ఇప్పుడు కలలోకి కూడా రావడం లేదు. ఎక్కడ తిరుగుతున్నాడో."

"అత్తయ్యా..."

"ఇంక ఈ గడప తొక్కకు."

ఈసారి తలుపు వెంటనే వెయ్యలేదు. నేను మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి చూసింది. నేను పడిపోతానేమోనని కాదు. వెళ్ళిపోయానని నిర్ధారించుకోవడానికి.

మర్నాటి నుంచి రొద ఆగిపోయింది. దాదాపు నాలుగు వారాలు గీత తిన్నగా, శుభ్రంగా వచ్చింది. డైరెక్టర్ గారు బాబాయ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు, నన్ను మాత్రం ఉంచారు. రొద ఆగిపోయింది కదా, ఆ పేరు నాకు దక్కింది. నేను తిండి తింటున్నాను, నిద్రపోతున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను.

ఇవాళ ఉదయం ఒక ఉత్తరం వచ్చింది. సముద్రం అవతల ఇంకో ఆబ్జర్వేటరీ. వాళ్ళకి మా లోయ సంగతి గాని, మా మామయ్య సంగతి గాని తెలిసే వీల్లేదు. మేం చూసే ఆకాశం మూలనే వాళ్ళూ చూస్తున్నారట. ఆరేళ్ళ కిందట అక్కడి నుంచి రెండు బలహీనమైన సంకేతాలు రావడం మొదలైందని, అవి ఏమిటో తమకి అంతుపట్టలేదని రాశారు. పటాలు జతచేశారు. మొదటి పటం చూడగానే గుర్తుపట్టాను. రెండు పొట్టి, ఒక పొడుగు. ఆరేళ్ళ కిందట మామయ్యకి మెషీన్ లేదు. క్వారీలో బండలు పగలగొడుతూ, నవ్వుతూ తిరుగుతున్నాడు.

మొదటి సంకేతం రెండేళ్ళ కిందట ఒకరోజు ఆగిపోయిందని రాశారు. తేదీ రాశారు. వేళ, మా గడియారం ప్రకారం ఒంటిగంట నలభై.

రెండోది ఇంకా వస్తోందట. తీరుగా, ఆరోగ్యంగా ఉండేదట. పోయిన నెల పద్నాలుగున మాత్రం కాసేపు బాగా తడబడి, మళ్ళీ పుంజుకుందట. అప్పటి నుంచి రోజూ కొంచెం కొంచెం నెమ్మదిస్తోంది. ఒకే లెక్క ప్రకారం నెమ్మదిస్తోంది కాబట్టి ఎప్పుడు ఆగుతుందో కూడా కట్టగలిగామని రాశారు. ఈ నెల పంతొమ్మిదో తారీఖు, పగటి పూట. ఆ వేళకి మీరు కూడా అటు చూసి మా లెక్క సరిపోయిందో లేదో చెప్పగలరా అని అడిగారు.

ఉత్తరం మీద డైరెక్టర్ గారు అప్పటికే ఆకుపచ్చ సిరాతో, సరే, అని రాసి సంతకం పెట్టారు. నోటీసు బోర్డు మీద పంతొమ్మిదో తారీఖు డ్యూటీ పట్టీ అంటించారు. రిసీవర్ గది బాధ్యత నాది.

ఇవాళ పదకొండో తారీఖు.